‘పెద్దది చెయ్యకు’ అన్నారు మేడమ్, ఇప్పుడు నేనేం చెయ్యాలి?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. ఆడపిల్లలకి చదువులో, ఆటల్లో, ధైర్యంగా నలుగురిలో మాట్లాడటంలో తోడుండే ఒక సంస్థలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ఫీల్డ్ వర్కర్‌గా చేరి కోఆర్డినేటర్‌నయ్యాను. మొన్న ఏప్రిల్‌లో మా మేడమ్, అంటే సంస్థ పెట్టినావిడ, నన్ను హెచ్‌ఆర్ హెడ్‌ని, అంటే స్టాఫ్ వ్యవహారాలు చూసే పెద్దని చేశారు. డిగ్రీ చదివాను కానీ హెచ్‌ఆర్ చదవలేదు. మొత్తం 38 మంది స్టాఫ్, అందులో 31 మంది ఆడవాళ్లు. ఏడాదిలో 11 మంది మానేశారు. ఎందుకు నిలవడం లేదని మేడమ్ నన్నే అడుగుతారు, జీతాలు, సెలవుల సంగతి ఎత్తితే ‘ఇది ఆఫీసు కాదమ్మా, కుటుంబం’ అంటారు. ఇంతలో ఫీల్డ్‌లో చేసే 23 ఏళ్ల అమ్మాయి నా దగ్గర ఏడ్చింది. ట్రైనింగులు చూసే సీనియర్ సార్ జూన్ నుంచి రాత్రిళ్లు మెసేజ్‌లు పెడుతున్నాడట, జూలై మధ్యలో ఊరి నుంచి వస్తుంటే ఆఫీసు జీపులో చెయ్యి పట్టుకున్నాడట. ‘ఎవరికీ చెప్పకక్కా’ అంది. ఆగలేక మేడమ్‌కి చెప్పాను. ‘వాడు నా కొడుకులాంటోడు, నేను మందలిస్తాను, నువ్వు పెద్దది చెయ్యకు, ఊళ్లలో తెలిస్తే పిల్లల్ని పంపరు’ అన్నారు. నిన్నటిదాకా నాతో కలిసి టీ తాగినవాళ్లు ఇప్పుడు నేనొస్తే మాటలు ఆపేస్తున్నారు. ఈ ఉద్యోగం నావల్ల కాదేమో, తిరిగి ఫీల్డ్‌కి వెళ్లిపోనా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా (ఆగస్టులో అందిన ఉత్తరం)

జవాబు:

చెల్లీ, మీ ఉత్తరంలో నాలుగైదు సమస్యలున్నాయి కానీ వాటిలో ఒక్కదానికే గడువుంది, అందుకని దాంతోనే మొదలుపెడతాను. జీతాలు, సెలవులు, స్నేహితురాళ్ల మౌనం, ఇవన్నీ వచ్చే నెల చూసుకున్నా కొంపలు మునగవు. ఆ అమ్మాయి విషయం అలా కాదు.

ఈ వారంలోనే ఆమెని కలవండి. ఆఫీసులో వద్దు. వాళ్ల ఊరికీ వెళ్లొద్దు, మీరు పనిగట్టుకుని వెళ్తే ఏమైందని ఇంట్లోవాళ్లు అడుగుతారు. ఆదివారం మీ ఇంటికి భోజనానికి రమ్మనండి. ముందు మీ వల్ల జరిగింది ఒప్పుకోండి. ఆమె ఎవరికీ చెప్పొద్దంది, మీరు చెప్పారు. మీ ఉద్దేశం మంచిదే, కానీ మేడమ్ అతన్ని మందలిస్తానన్నారంటే పేరు ఎత్తకుండా ఎలా మందలిస్తారు? ఈపాటికి అతనికి తెలిసే ఉంటుంది, రేపు అదే జీపులో ఆమె అతని పక్కన కూర్చోవాల్సి వస్తే ఆ సంగతి ఆమెకి అక్కడ అర్థం కాకూడదు, మీ నోటి నుంచి ముందే వినాలి. క్షమించమని అడగండి. ఆ తర్వాత, ఇకపై ఏ మాట ఎవరికి చేరుతుందో ముందు ఆమెకి చెప్పి, ఒప్పుకున్నాకే చేరుస్తానని మాటివ్వండి, ఆ మాట తప్పకండి.

అప్పుడు ఆమె ముందున్న దారులు చెప్పండి. పనిచేసే చోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపుల గురించి 2013లో చట్టం వచ్చింది, పది మంది, అంతకు మించి పనిచేసే ఏ సంస్థలోనైనా ఇలాంటి ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలంటుంది, ట్రస్టులూ సొసైటీలూ దానికి బయట లేవు. పర్మనెంటా, కాంట్రాక్టా, వాలంటీరా, ట్రైనీయా అని చూడదు. పనిచేసే చోటంటే ఆఫీసు గది ఒక్కటే అని కూడా అనుకోవద్దు, పని మీద వెళ్లిన ఊరు, సంస్థ ఇచ్చిన వాహనం కూడా అందులోకే వస్తాయి, కాబట్టి ఆ జీపు కూడా మీ ఆఫీసే. ఫిర్యాదు చివరి ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఇవ్వాలి, సరైన కారణముంటే కమిటీ ఆ కారణం రాసిపెట్టి ఇంకో మూడు నెలలు పెంచవచ్చు. జూలై మధ్యలో అన్నారు కాబట్టి అక్టోబరు మధ్య వరకు మామూలు గడువుంది. మీకు గడువుందని నేనన్నది ఇదే. ఆమె ఇప్పుడు సిద్ధంగా లేకపోతే బలవంతపెట్టకండి, కానీ ఆ తేదీ ఆమెకి తెలిసి ఉండాలి, మనకెందుకులే అని దాన్ని దాటనివ్వకూడదు. మెసేజ్‌లు తుడిచెయ్యొద్దనండి. నంబరు, తేదీ కనపడేట్టు స్క్రీన్‌షాట్లు తీసి ఇంకో చోట కూడా దాచమనండి. ఆ రోజు జీపులో ఇంకెవరున్నారు, ఏ ఊరి నుంచి వస్తున్నారు, దిగాక ఎవరితో మాట్లాడింది, ఇవి మర్చిపోకముందే రాసుకోమనండి. తనే రాయలేకపోతే కమిటీ వాళ్లు దగ్గరుండి రాయించాలని చట్టమే చెబుతోంది.

ఇక కమిటీ. మీ ఉత్తరంలో ఆ మాటే లేదు కాబట్టి మీ సంస్థలో లేదనే అనుకుంటున్నాను, లేకపోతే యాభై వేల వరకు జరిమానా. సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షురాలిగా ఉండాలి, స్టాఫ్ నుంచి కనీసం ఇద్దరు సభ్యులు, బయటి నుంచి ఒకరు, మొత్తంలో సగానికి తక్కువ కాకుండా ఆడవాళ్లు. ఆ బయటి మనిషి మీద మనసు పెట్టండి, ఎందుకంటే మన జిల్లాల్లో అందరూ అందరికీ తెలిసినవాళ్లే, చాలాచోట్ల వ్యవస్థాపకుల స్నేహితురాలినే తెచ్చి కూర్చోబెడతారు. శ్రీకాకుళం కోర్టులో మహిళల కేసులు చూసిన లాయరమ్మనో, ఆడవాళ్ల సంఘాల్లో ఏళ్ల తరబడి పనిచేసిన రిటైర్డ్ లెక్చరర్నో చూడండి, మీ మేడమ్‌కి ఏ మొహమాటమూ లేనివాళ్లై ఉండాలి. మీరు మాత్రం ఈ ఫిర్యాదు వినే కమిటీలో కూర్చోవద్దు. ఆ అమ్మాయి మొదట చెప్పింది మీకే, రేపు మీరు సాక్షి కావచ్చు. మేడమ్ కూడా వద్దు, ‘కొడుకులాంటోడు’ అన్న నోటితో విచారణ చేయలేరు.

విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలి. అది నడుస్తున్నంతకాలం ఆ ఇద్దరినీ ఒకే బండిలో, ఒకే ట్రైనింగ్‌లో వెయ్యకూడదు. ఆమె రాసి అడిగితే ఇద్దరిలో ఎవరినైనా వేరేచోటికి మార్చమనో, ఆమెకి మూడు నెలల దాకా సెలవు ఇవ్వమనో కమిటీ సిఫార్సు చేయవచ్చు, ఆ సెలవు ఆమెకి మామూలుగా రావాల్సిన సెలవుల్లోంచి కొయ్యరు. నా మాటగా ఒకటి చెబుతాను, మార్చాల్సి వస్తే అతన్నే మార్చండి. ఎప్పుడూ అమ్మాయినే ‘నీ మంచికే’ అని ఇంకో మండలానికి పంపేస్తారు, మిగతా అమ్మాయిలందరూ చూస్తూనే ఉంటారు, నోరు విప్పితే బదిలీ అవుతుందని నేర్చుకుంటారు. రాజీ అన్నది కూడా ఆ అమ్మాయి కోరితేనే, అది కూడా డబ్బు ఇచ్చిపుచ్చుకునే రాజీ కాకూడదు. మేడమ్ నాలుగు గోడల మధ్య మందలించడం రాజీ కిందా రాదు, విచారణ కిందా రాదు. ఆ అమ్మాయి పోలీసులకే వెళ్తానంటే సహాయం చేయడం కూడా యాజమాన్యం బాధ్యతే. ఇందులో ఏదీ చెయ్యనని ఆమె అంటే అదీ ఆమె నిర్ణయమే, కానీ కమిటీ పెట్టడం, ఆ సార్‌ని ఫీల్డ్ అమ్మాయిలతో ఒంటరిగా బండిలో పంపకపోవడం ఆమె ఫిర్యాదు మీద ఆధారపడవు, అవి మీరు ఎలాగూ చెయ్యాల్సిన పనులు.

నేను ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే ఒకప్పుడు విజయనగరంలో ఒక సంస్థలో ఇలాంటి పనే చూసేదాన్ని. బొబ్బిలి వైపు ఊళ్లు తిరిగే ఒకమ్మాయి ఒక సాయంత్రం నా టేబుల్ దగ్గర నిలబడి డ్రైవర్ గురించి రెండు ముక్కలు చెప్పింది. ఆ రోజు ఆడిట్ జరుగుతోంది. కాగితాల్లోంచి తలెత్తి ‘సరేలేమ్మా, చూద్దాం’ అన్నాను. పది రోజుల్లో మానేసింది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారని రాసిచ్చింది, మేం అదే కారణం అని ఫైల్లో పెట్టుకున్నాం. తర్వాతి ఏడాది పైడితల్లమ్మ పండగ రోజుల్లో ఆర్టీసీ కాంప్లెక్స్‌లో వాళ్లమ్మ కనపడింది. కోపంగా కూడా కాదు, మామూలుగానే, ‘మీకే సెప్పిందంట కదమ్మా’ అంది. ఏమీ అనలేకపోయాను. మీకు ఆ మాట వినాల్సిన రోజు రాకూడదు.

ఇంకో సంగతి ఉంది, మీ ఉత్తరంలో మీరు దాన్ని ఎత్తలేదు కానీ చదవగానే నాకు తట్టింది అదే. ఆ సార్ ట్రైనింగులు ఇచ్చేది ఎవరికి? స్టాఫ్‌కి మాత్రమేనా, పిల్లలకి కూడానా? పద్దెనిమిదేళ్ల లోపు ఆడపిల్ల విషయంలో ఏ చిన్న మాట విన్నా దారి పూర్తిగా మారిపోతుంది. అక్కడ మీ కమిటీకి పని లేదు, ‘ముందు మనం కనుక్కుందాం’ అని ఆ పిల్లని కూర్చోబెట్టి నలుగురు నాలుగుసార్లు అడగడం అసలే వద్దు. పిల్లల మీద లైంగిక నేరాల గురించి వచ్చిన 2012 పోక్సో చట్టం ప్రకారం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న అనుమానమున్నా పోలీసులకి చెప్పాల్సిందే, అది ఇష్టాయిష్టాల విషయం కాదు. చెప్పకుండా దాచినవాళ్లకి ఆరు నెలల వరకు జైలు ఉంది, తన కింద పనిచేసేవాడి నేరం దాచిన సంస్థ పెద్దకైతే ఏడాది వరకు. 1098కి ఫోన్ చేసినా దారి చూపిస్తారు. ఇది మీ మేడమ్‌కి కూడా చెప్పండి, బెదిరింపులా చెప్పకండి, ఆవిడకి తెలియకపోవచ్చు. 2020లో వచ్చిన పోక్సో నియమాల ప్రకారం పిల్లలతో రోజూ మెలిగే సంస్థలు స్టాఫ్ అందరికీ పోలీస్ వెరిఫికేషన్, పూర్వాపరాల విచారణ ఎప్పటికప్పుడు చేయించాలి. టీచర్ కావచ్చు, వంటావిడ కావచ్చు, డ్రైవర్ కావచ్చు, కాంట్రాక్టు మనిషి కావచ్చు. మీ 38 మందిలో ఎంతమందికి ఆ కాగితం ఉందో రేపే అల్మారా తెరిచి లెక్కపెట్టండి.

మన ప్రాంతంలో ఆడపిల్లలతో పనిచేసే ఏ సంస్థకి వెళ్లినా కరణం మల్లీశ్వరి కథ చెబుతారు, ఆముదాలవలస దగ్గర ఊరి నుంచి వెళ్లి 2000లో సిడ్నీలో పతకం తెచ్చి, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ అయిందని. చెప్పాలి కూడా, ఎన్నిసార్లయినా చెప్పాలి. కానీ ఆ కథ విని ఉత్సాహంతో పోటీలకి బయల్దేరే పిల్లతో రాత్రి రైల్లో ఎవరు వెళ్తున్నారు, లాడ్జిలో ఎవరు ఏ గదిలో పడుకుంటున్నారు, పిల్లల ఫోటోలు ఎవరి ఫోన్‌లో ఉంటున్నాయి, కోచ్ పిల్లలకి విడిగా మెసేజ్ పెట్టొచ్చా, ఇవి మీ సంస్థలో ఎక్కడైనా రాసి ఉన్నాయా? హెచ్‌ఆర్ అంటే జీతాల షీటు, అటెండెన్సు అనుకుంటారు. ఆడపిల్లల సంస్థలో ఇది కూడా హెచ్‌ఆర్ పనే, నన్నడిగితే మొదటి పని ఇదే. ఒంటరిగా ఏ పెద్ద మనిషీ ఏ పిల్లతోనూ తలుపు మూసిన గదిలో ఉండకూడదన్న ఒక్క నియమం రాసి, తెలుగులో, పెద్ద అక్షరాలతో, సెంటర్ గోడ మీద పిల్లలకి కూడా కనపడేట్టు అంటించండి. పిల్లలే గుర్తుచేస్తారు, అంతకంటే మంచి కాపలా ఉండదు.

మేడమ్ గురించి. ఆవిడ మీద మీకు కోపం కంటే ప్రేమే ఎక్కువుందని ఉత్తరంలో తెలుస్తూనే ఉంది, అది పోగొట్టుకోకండి. గుమ్మం దాటనివ్వని రోజుల్లో ఇల్లిల్లూ తిరిగి తల్లుల్ని ఒప్పించినవాళ్లు వీళ్లు. ఊళ్లలో తెలిస్తే పిల్లల్ని పంపరన్న ఆవిడ భయం నిజమైనదే. మన రాష్ట్రంలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల ఆడవాళ్లలో దాదాపు 29 శాతానికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిపోయిందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. ఒక పిల్ల సెంటర్‌కి రావడం మానేస్తే ఆ తర్వాత ఇంట్లో ఏ మాటలు మొదలవుతాయో ఆవిడకి మనకన్నా బాగా తెలుసు. కాకపోతే ఆవిడ ఒకటి మర్చిపోతున్నారు. ఆఫీసుకి తెలిసేలోగా ఊరికి తెలిసిపోతుంది. ఆ అమ్మాయి మీ దగ్గర ఏడ్చే ముందు ఇంకెవరి దగ్గరైనా ఏడ్చి ఉండొచ్చు. ‘మా గుంటని ఎవుల్తోటి పంపిస్తన్నారు’ అని ఒక తల్లి అడిగినప్పుడు, ‘ఫలానా పని జరిగింది, మేం ఇలా చేశాం’ అని చెప్పగలిగిన సంస్థకే పిల్లల్ని పంపుతారు. దాచిందని తెలిసిన సంస్థకి పంపరు.

ఈ మాట ఆవిడకి మీటింగులో చెప్పకండి, నలుగురిలో చెబితే ఆవిడ గట్టిగా బిగుసుకుంటారు. పొద్దున్నే ఇంటికి వెళ్లండి, ఒక్కరే. చేతిలో మూడు కాగితాలు పట్టుకెళ్లండి. ఒకటి కమిటీ వేస్తూ ఆవిడ సంతకం పెట్టాల్సిన ఉత్తర్వు, పేర్ల దగ్గర ఖాళీ వదిలి. రెండోది మీ నియామక ఉత్తర్వు. ఏప్రిల్‌లో మిమ్మల్ని హెచ్‌ఆర్ హెడ్‌ని చేశారన్నారు, కాగితం ఏమైనా ఇచ్చారా? నాకు అనుమానమే. మీ అధికారాలు ఏమిటి, సంస్థ పెద్దల మీద ఫిర్యాదు వస్తే మీరు నేరుగా పాలకవర్గానికి రాయొచ్చా, ఏడాదికి మీ చేతిలో ఎంత డబ్బుంటుంది, ఈ మూడూ అందులో లేకపోతే మీకు కుర్చీ ఇచ్చారు తప్ప పని ఇవ్వలేదు. మూడో కాగితంలో ఆ మానేసిన 11 మంది పేర్లు, ఎన్నేళ్లు పనిచేశారు, ఎందుకు వెళ్లారు అని రాసుకెళ్లండి. అది చూశాక ఆవిడ మాట్లాడతారు. ‘మీరు కట్టిన ఇల్లు మేడమ్, మీ తర్వాత కూడా నిలబడాలని అడుగుతున్నా’ అనండి, మీరు మనసులో అనుకుంటున్నదే కదా. రెండు వారాలు టైమ్ ఇవ్వండి. సంతకాలు కాకపోతే కమిటీ ఎందుకు వెయ్యాలో ఒక పేజీ రాసి పాలకవర్గం సభ్యులందరికీ పంపండి, ముందుగా ఆవిడకి చెప్పే పంపండి. చాటుగా చేస్తే మీకు ఆవిడ దగ్గర మళ్లీ చోటుండదు.

ఇక ఆ 11 మంది. ‘డబ్బు కోసం వచ్చేవాళ్లు మనకి వద్దు’ అనే మాట చాలా సంస్థల్లో విన్నాను, విన్న ప్రతిసారీ బాధేసింది. ఆ మాట అనేవాళ్లకి సాధారణంగా ఇంట్లో ఇంకొకరి జీతం వస్తుంటుంది. ఫీల్డ్‌లో చేసే అమ్మాయికి ఆ జీతం మీదే ఇంట్లో తన మాట నిలబడుతుంది. నెల మొదట్లో డబ్బు తెచ్చి అమ్మ చేతిలో పెట్టినన్నాళ్లే పెళ్లి మాట వెనక్కి వెళ్తుంది. దాతల నుంచి విడత రాలేదని రెండు నెలలు జీతం ఆపితే, ఆ ఇంట్లో ‘ఊరికే తిరగడానికేనా ఆ ఉద్యోగం’ అనే మాట మొదలవుతుంది, అమ్మాయి ఆగిపోతుంది, మీ రిజిస్టర్‌లో ‘వ్యక్తిగత కారణాలు’ అని రాసుకుంటారు. మనం ఊళ్లో ఆడపిల్ల తన కాళ్ల మీద నిలబడాలని చెబుతున్నాం, ఆ చెప్పే అమ్మాయిని నిలబెట్టేది ఆ జీతమే. అందుకని కనీసం మూడు నెలల జీతాలకి సరిపడా డబ్బు వేరే ఖాతాలో పెట్టుకోవాలి, దాన్ని ఇంకే ఖర్చుకీ ముట్టుకోకూడదు. ఒక్క ఏడాదిలో కాదు, మెల్లగా పోగెయ్యండి.

ఇరవై మంది, అంతకు మించి ఉంటే పీఎఫ్ కట్టాలి, పదిహేను వేల లోపు జీతమున్నవాళ్లకి తప్పనిసరి, సంస్థ వంతు 12 శాతం. మీవాళ్లలో ఎంతమందిని ‘వాలంటీర్’, ‘గౌరవ వేతనం’ అని రాసి పక్కన పెట్టారో చూడండి. రోజూ ఎనిమిది గంటలు, చెప్పిన ఊరికి, చెప్పిన టైముకి వెళ్లే మనిషి ఉద్యోగే. ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా, మీ సంస్థకి ఎలా వర్తిస్తుందో ఆడిటర్‌ని కూర్చోబెట్టి అడగండి. ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు, జీతంతో. ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. 31 మంది ఆడవాళ్లున్న చోట ఇది ఎప్పుడూ ఎవరో ఒకరికి కావాల్సిందే, అయినా ఒక్కొక్కరు విడివిడిగా వెళ్లి మేడమ్‌ని బతిమాలుకుంటుంటారని నా ఊహ. ఒకరికి నాలుగు నెలలు, ఇంకొకరికి రెండు, మేడమ్‌కి దగ్గరైన అమ్మాయికి ఆరు. కుటుంబం అంటే అదే కదా, పెద్దవాళ్ల మనసుని బట్టి. దీన్ని రాసిపెట్టేస్తే ఎవరూ ఎవరినీ బతిమాలక్కర్లేదు, మేడమ్ మీద కూడా ఆ బరువు తగ్గుతుంది.

‘డబ్బెక్కడిది, అడ్మిన్ ఖర్చుకి దాతలు ఒప్పుకోరు’ అంటారు. విదేశీ నిధులున్న సంస్థలకి 2020 సవరణ తర్వాత పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు, అది నిజమే, అంతకుముందు 50 ఉండేది. కానీ ఊళ్లలో పిల్లలతో నేరుగా పనిచేసే అమ్మాయి జీతం, ఆమెకిచ్చే శిక్షణ, ప్రయాణం, ఇవి ఆ పని చెయ్యడానికయ్యే ఖర్చే, పరిపాలన కింద వెయ్యాల్సినవి కావు. ప్రపోజల్ రాసేటప్పుడే పిల్లల భద్రత శిక్షణ, వెరిఫికేషన్, కమిటీ బయటి సభ్యురాలి దారిఖర్చు, ఫీల్డ్ ఫోన్ రీచార్జి, ఇవి కార్యక్రమం ఖర్చులో విడివిడి లైన్లుగా పెట్టించండి. ఆడపిల్లల భద్రత కోసం డబ్బు అడిగితే కాదనే దాతని నేనింతవరకు చూడలేదు. అడగకపోవడమే ఎక్కువ చూశాను. ప్రపోజల్ రాసే గదిలో మీకు కుర్చీ ఉండాలి, అది మేడమ్‌ని అడిగే వాటిలో కలుపుకోండి.

ప్రయాణం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు, పదకొండేళ్లు తిరిగినవారు. అయినా ఒక్కటి. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకి ఉచితం వచ్చింది కదా, ఇక టీఏ (ప్రయాణ ఖర్చు) ఎందుకు అనే మాట మీ ఆఫీసులో ఇప్పటికే వచ్చి ఉంటుంది. బస్సు మెయిన్ రోడ్డు మీద దింపుతుంది. మందస, మెళియాపుట్టి వైపు ఊళ్లకి అక్కడి నుంచి ఆటో కావాలి, చీకటి పడితే ఆ ఆటోకి రెట్టింపు అడుగుతారు. ఆ డబ్బు ముందే చేతిలో ఉండాలి. నెలాఖరున బిల్లు పెట్టుకోమంటే, ఆటో ఎక్కడానికి చేతిలో డబ్బుల్లేక అమ్మాయి రోడ్డు మీద ఎవరి బండి వస్తుందా అని చూస్తుంది, ఆ బండి ఆ సార్ జీపే కావచ్చు. టీఏ అడ్వాన్స్‌కీ వేధింపుకీ సంబంధం ఉందని ఆఫీసులో కూర్చున్నవాళ్లకి తట్టదు, మీకు తడుతుంది, మిమ్మల్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టడానికి అది చాలు. ఫీల్డ్ నుంచి సాయంత్రం ఆరింటికల్లా ఇల్లు చేరేట్టు పని వేళలు మార్చండి, రాత్రి మీటింగులు తప్పనిసరైతే ఇద్దరిద్దర్ని పంపండి.

కొత్తవాళ్లని తీసుకునేటప్పుడు మీ సెంటర్లో పెరిగిన అమ్మాయిలనే తీసుకుంటున్నారా? చాలామంది అలాగే చేస్తారు, నాకూ అది ఇష్టమే, ఊరి భాష తెలిసిన అమ్మాయి, తల్లులు నమ్ముతారు. కానీ నిన్నటిదాకా ఎవరి దగ్గర పిల్లలా కూర్చుందో వాళ్ల కిందే వెంటనే పనికి పెట్టకండి. ‘సంస్థ లేకపోతే నేను లేను’ అని నమ్మే అమ్మాయి తప్పు జరిగినా నోరు తెరవదు. మీ దగ్గర ఏడ్చిన అమ్మాయి అలా వచ్చిందేనేమో చూడండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్లు చూసి ఊరుకోకుండా, పాత చోట ఇద్దరికి మీరే ఫోన్ చేసి ‘ఈ మనిషిని మళ్లీ పిల్లల మధ్య పనికి పెట్టుకుంటారా’ అని అడగండి. అవతల మనిషి ఎంతసేపు ఆగి జవాబిచ్చారో గమనించండి.

మాటలు ఆపేస్తున్న స్నేహితురాళ్ల గురించి ఎక్కువ చెప్పలేను, అది కొన్నాళ్లు ఉంటుంది, నొప్పిగానే ఉంటుంది. ఎవరైనా ఏదైనా చెప్పబోతే ముందే అడగండి, ‘ఇది అక్కతో చెబుతున్నావా, హెచ్‌ఆర్‌తో చెబుతున్నావా’ అని. హెచ్‌ఆర్‌తో అంటే పెన్ను తీసి తేదీ వెయ్యండి. ఆ టీ గ్లాసు దగ్గరికి మాత్రం రోజూ వెళ్లండి.

హెచ్‌ఆర్ చదవలేదన్నారు. చదవాలనుంటే ఇగ్నోలో దూరవిద్యలో డిప్లొమా ఉంది, వచ్చే ఏడాది చేరండి, ఇప్పుడు కాదు. ఇప్పుడు మీకు కావాల్సింది జీతాల షీటు చదవడం, పీఎఫ్ లెక్క తెలియడం, ఆ రెండు చట్టాలు తెలుగులో ఒకసారి చివరిదాకా చదవడం, అంతే. ఫీల్డ్‌కి వెళ్లిపోనా అంటే, ఈ విషయం తేలేదాకా వద్దు. మీరు వెళ్లిపోతే ఆ అమ్మాయి చెప్పిన మాట విన్న మనిషి ఆ ఆఫీసులో ఉండదు. కానీ వారానికి ఒకరోజు ఫీల్డ్ మీ పనిలో భాగమని ఆ ఉత్తర్వులో రాయించుకోండి. పొద్దున్న బస్సెక్కి, ఎవరికీ చెప్పకుండా, ఏదో ఒక సెంటర్లో వెనక చాప మీద కూర్చోండి.

మొదటి నెల మాత్రం సెంటర్లకి కాదు, ఆ 11 మంది ఇళ్లకి వెళ్లండి. తప్పు పట్టడానికి రాలేదని, తిరిగి రమ్మనడానికి కూడా రాలేదని, ఎందుకు వెళ్లావో వినడానికి వచ్చానని చెప్పండి. కొందరికి పెళ్లయి అత్తారింటికి వెళ్లి ఉంటారు, ఫోన్ చెయ్యండి. ఆ సార్ పేరు మీరు ఎత్తకండి, ఏమీ అందించకండి, వాళ్లంతట వాళ్లు చెబితే రాసుకోండి. ఆ పేర్లు ఒకసారి మళ్లీ చూడండి చెల్లీ, ఎవరు ఏ నెలలో మానేశారు, అప్పుడు ఎవరి ట్రైనింగ్ టీములో ఉన్నారు అని. మొదట ఎవరింటికి వెళ్లాలో మీకే తెలుస్తుంది.